మొక్కుబడిగా కాకుండా స్తోత్రం చెప్పడం

కృతజ్ఞత అనే మాటను ఒకసారి విడదీసి చూడండి. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటం కృతజ్ఞత. దానికి ఎదురుమాట కృతఘ్నత, అంటే చేసినదాన్ని చంపేయడం. మనసు ఉప్పొంగడం, కళ్లు చెమర్చడం ఈ రెండు మాటల్లోనూ ఎక్కడా లేవు. ఉన్నదల్లా ఎరుక. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు అన్నది తెలిసి ఉండటం, దాన్ని చావనివ్వకపోవడం.

"కృతజ్ఞత కలిగి ఉండండి" అని వినగానే చాలామంది తమలో ఒక భావం కోసం వెతుకుతారు. అది దొరక్కపోతే తమ భక్తిలోనే లోపముందని కుంగిపోతారు. 103వ కీర్తన అడిగేది భావం కాదు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది. ఇది జ్ఞాపకానికి ఇచ్చిన ఆజ్ఞ. ఆ వెంటనే మూడు వచనాల్లో ఐదు పనులు లెక్క చెబుతుంది: దోషాలు క్షమించడం, సంకటాలు కుదర్చడం, ప్రాణాన్ని సమాధినుండి విమోచించడం, కరుణను కిరీటంగా ఉంచడం, మేలుతో తృప్తిపరచడం. పద్దు రాసినట్టే ఉంటుంది.

పాత నిబంధనలో కృతజ్ఞతార్పణకు వాడిన హెబ్రీ మాట తోదా. యెహోషువ 7వ అధ్యాయంలో నిషేధించిన సొమ్ము దాచుకున్న ఆకాను దొరికిపోయినప్పుడు, జరిగింది దేవుని ఎదుట ఒప్పుకొమ్మని యెహోషువ అడిగే చోట కూడా మూలంలో ఉన్నది అదే మాట. స్తుతి, కృతజ్ఞత, ఒప్పుకోలు మూడింటికీ వేరు ఒకటే. జరిగింది జరిగినట్టు దేవుని ఎదుట చెప్పడం వాటి సారం. కొత్త నిబంధనలో గ్రీకు మాట యూకరిస్తియా. దాని లోపల కృప అనే అర్థమున్న ఖారిస్ దాగి ఉంది. యేసు అప్పగింపబడిన రాత్రి రొట్టె ఎత్తి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి విరిచాడు కాబట్టి ప్రభురాత్రి భోజనానికే ఆ పేరు నిలిచిపోయింది.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. మొక్కుబడి అంటే దేవునికి చెల్లించాల్సిన మొక్కు. తెలుగు బైబిల్లో ఆ మాటకు గౌరవం ఉంది, 116వ కీర్తనలో భక్తుడు "నా మ్రొక్కుబళ్లు చెల్లించెదను" అంటాడు. రోజువారీ మాటల్లో మాత్రం "మొక్కుబడిగా చేశాడు" అంటే మనసు పెట్టకుండా పని కానిచ్చాడని అర్థం. మాట అలా తిరగబడటం ఊరికే జరగలేదు. తరచుగా చేసే చెల్లింపు ఏదైనా అరిగిపోతుంది. స్తోత్రం కూడా అంతే.

అరిగిపోయిన స్తోత్రం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. రాత్రి ప్రార్థనల్లో తరచూ వినబడే వాక్యం ఇది: "ప్రభువా, ఈ దినమంతా కాచి కాపాడినందుకు, నీవు చేసిన మేలులన్నిటికి స్తోత్రం." తప్పేమీ లేదు. కానీ తేదీ మార్చి చదవండి. నిన్నటికీ సరిపోతుంది, వచ్చే ఏడాదికీ సరిపోతుంది, పక్కింటివాళ్లకూ సరిపోతుంది. అంటే ఈ రోజు గురించి అందులో ఏమీ లేదు. అదే స్తోత్రం ఇలా ఉంటే? "ప్రభువా, మధ్యాహ్నం ఫోన్‌లో గొంతు పెంచబోయి ఆగాను. ఆపింది నువ్వే. స్తోత్రం." లేదా, "జ్వరం నాలుగో రోజుకి దిగింది. రెండు రాత్రులు నిద్ర మానుకుని పక్కన కూర్చున్న అక్కను నాకు ఇచ్చినందుకు స్తోత్రం." ఈ రెండూ ఇంకెవరికీ సరిపోవు. కృతజ్ఞతలో జ్ఞ అనే అక్షరానికి బలం వచ్చేది ఇక్కడే.

దీనికి ఒక నోట్‌బుక్ చాలు. రోజుకు మూడు మేళ్లు రాయండి, పది వద్దు. పది రాయాలని కూర్చుంటే ఆరోదాని నుంచి గాలి, నీరు, సూర్యుడు అంటూ పేజీ నింపడం మొదలవుతుంది. గాలీ నీరూ మేళ్లు కావని కాదు, వాటిని గమనించకుండా రాస్తారని. మూడింటిలో రెండిటికి ఒక్కో లైను చాలు, ఒకదానికి మాత్రం నాలుగైదు లైన్లు ఇవ్వండి. ఆ ఒక్కదాన్ని నాలుగు ప్రశ్నలతో తవ్వాలి. ఏం జరిగింది? ఎవరి చేతుల మీదుగా వచ్చింది? అది జరగకపోయి ఉంటే ఈ రోజు ఎలా ఉండేది? ఇందులో దేవుని గుణం ఏది కనబడింది? మూడో ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది, అలవాటుపడిపోయిన మేలు తీసేస్తేనే కంటికి ఆనుతుంది. నాలుగోది వదిలేస్తే మాత్రం మిగిలేది సంతోషకరమైన డైరీ. మేలు నుంచి మేలు చేసినవాడి వైపు తిరిగేది ఆ ప్రశ్న దగ్గరే. మొత్తం పది నిమిషాలు పడుతుంది. ఇరవై దాటితే నెల తిరక్కుండానే మానేస్తారు.

వేళ ఏదైనా ఫరవాలేదు, ఇప్పటికే తప్పకుండా చేస్తున్న పనికి దాన్ని కట్టేయండి. రాత్రి మంచం మీద రాద్దామనుకునేవాళ్లలో ఎక్కువమంది నిద్రపోతారు. వాళ్లు పొద్దున్నే నిన్నటి గురించి రాసుకుంటే మేలు. దానియేలు 6వ అధ్యాయంలో, రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిశాక కూడా దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించి స్తుతించాడు. అక్కడ "యథాప్రకారముగా" అన్న మాట చూడండి. సింహాల గుహ ముందు కనబడిన ధైర్యం ఆ రోజు పుట్టింది కాదు, వేళ తప్పని పాత అలవాటు.

16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే కతోలిక గురువు నేర్పిన ఆత్మపరిశీలనలో ఐదు మెట్లున్నాయి. మొదటిది పొందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞత, పాపాలు వెతుక్కోవడం ఆ తర్వాతే. ఈ వరుసను తేలిగ్గా తీసుకోకూడదు. తప్పులతో మొదలుపెట్టినవాడు తన చుట్టూ తానే తిరిగి, తనను తానే తిట్టుకుని పడుకుంటాడు. మేళ్లతో మొదలుపెట్టినవాడికి తప్పు ఎవరి పట్ల చేశాడో అర్థమవుతుంది.

రెండో వారమో మూడో వారమో ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం, మళ్లీ కుటుంబం, ఆరోగ్యం. రాసిందే రాస్తుంటారు. కదలకుండా ఉండేవాటినే మనసు లెక్కపెడుతుంది, కదిలేవాటిని వదిలేస్తుంది, కారణం అదే. అందుకే రోజుకో పొలం దున్నాలి. 103వ కీర్తనలోని ఐదు పనులను సోమవారం నుంచి శుక్రవారం దాకా పంచుకోండి. సోమవారం క్షమాపణ: ఈ వారం ఏది క్షమించబడింది? మంగళవారం కుదుటపడిన సంకటం, బుధవారం తప్పిపోయిన ఆపద, గురువారం అర్హత లేకుండా దక్కిన దయ, శుక్రవారం తృప్తినిచ్చినది. శనివారం ఇతరులకు జరిగిన మేలు. ఆదివారం క్రీస్తు సిలువ, పునరుత్థానం. ఆ వారం ఎంత పాడుగా గడిచినా మారనివి అవి.

శనివారం రాసేది అన్నిటికంటే కష్టం. వేరొకరికి దక్కినదానికి స్తోత్రం చెప్పాలంటే చెయ్యి రాదు. పౌలు పత్రికలు చూస్తే ఇందులో ఆయన ఎంత గట్టివాడో తెలుస్తుంది. కొరింథు సంఘంలో వర్గాలు, వ్యాజ్యాలు, ప్రభురాత్రి భోజనం దగ్గర కూడా గొడవ. ఆ సంఘానికి రాసిన మొదటి పత్రికను కూడా వాళ్ల విషయంలో దేవునికి కృతజ్ఞతతోనే మొదలుపెట్టాడు. అయితే అది ఉత్తరాల మర్యాద కోసం రాసిన వాక్యం కాదు. గలతీయులకు రాసినప్పుడు ఆ వాక్యం లేదు, నేరుగా ఆశ్చర్యంతో, మందలింపుతో మొదలవుతుంది. లేని చోట లేనట్టే వదిలేశాడు.

మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఆ నాలుగూ పూరించడానికి కూర్చోకండి. బాకీ తీర్చినట్టు రాసిన పేజీలు మొక్కుబడి అనే మాటకు రెండో అర్థం. ఈ రోజుతో మొదలుపెట్టండి.

నోట్‌బుక్ వెనక వైపు నుంచి ఇంకో లెక్క తెరవాలి. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు తేదీతో సహా ప్రార్థన మనవి, కుడివైపు ఖాళీ. నెలకోసారి పాత పేజీలు తిరగేసి, ప్రతి మనవికి ఎదురుగా మూడింటిలో ఒకటి రాయండి: దొరికింది, వేరే విధంగా దొరికింది, ఇంకా లేదు. అడిగిన సంగతే మరిచిపోయాక జవాబు వస్తే దానికి స్తోత్రం చెప్పేవాళ్లుండరు, చాలా మేళ్లు అలాగే జారిపోతాయి.

లూకా 17లోని పదిమంది కుష్ఠరోగుల సంగతి ఇదే. పదిమందీ ప్రార్థించారు, పదిమందీ లోబడ్డారు. యాజకులకు కనబరచుకోమన్నది యేసే, కాబట్టి ఆ తొమ్మండుగురు చెడ్డ పనికేమీ పోలేదు. చెప్పిన చోటికే వెళ్తున్నారు. దారిలో బాగయ్యారు. ఒకడు మాత్రం బాగుపడటం చూసుకుని వెనక్కి తిరిగాడు, అతను సమరయుడు, అంటే యూదులు పరాయిగా చూసే జాతివాడు. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో లేదు గానీ ఊహించడం తేలికే. వాళ్లు చేయాల్సిన తర్వాతి పనిలో ఉన్నారు. కృతఘ్నత ఎక్కువగా ఇలాగే వస్తుంది, దురుద్దేశంతో కాదు, తర్వాతి మంచి పని తొందరలో.

ఏడాదికోసారి చేయదగిన పెద్ద సాధన ఒకటుంది, దానికి నమూనా 136వ కీర్తన. 26 వచనాలు, ప్రతి వచనంలో మొదటి సగం ఒక పని, రెండో సగం "ఆయన కృప నిరంతరముండును". మొదటి మూడు పిలుపు, ఆ తర్వాత సృష్టి, ఐగుప్తునుండి విడుదల, అరణ్యం, రాజుల ఓటమి, దేశం, చివర్లో సమస్త జీవులకు ఆహారం. సీహోను, ఓగు అని ఓడిపోయిన రాజుల పేర్లు కూడా వదలకుండా చెబుతుంది. మీరు పన్నెండు లైన్లు రాయండి. రెండు సృష్టి గురించి, రెండు క్రీస్తు చేసినదాని గురించి, ఏడు ఈ ఏడాదిలో పేరూ నెలా ఉన్న సంఘటనలు, చివరిది ఆహారం. ప్రతి లైను పక్కన ఆ పల్లవి రాసి, పైకి చదవండి. కొన్ని లైన్ల పక్కన ఆ పల్లవి రాయడానికి కలం ఆగుతుంది. ఆగనివ్వండి. ఆ లైను కొట్టేయకండి.

ఇక పాడయ్యే తీరు. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన మొదలయ్యేది కృతజ్ఞతతోనే. ఇతర మనుష్యుల్లాగా, ఈ సుంకరిలాగా (పన్నులు వసూలు చేసేవాడిలాగా) తాను లేనందుకు దేవునికి స్తుతులు చెబుతాడు. ఆ వాక్యంలోంచి సుంకరిని తీసేయండి, స్తోత్రం కూలిపోతుంది. పరీక్ష అదే. మీ వాక్యం నిలబడటానికి ఇంకో మనిషి కింద ఉండాల్సి వస్తోందా? రోగిని చూసి వచ్చినప్పుడు, లేనివాళ్లను చూసినప్పుడు "నన్ను అలా ఉంచనందుకు స్తోత్రం" అనేది నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో గమనించండి. అలా వచ్చినప్పుడు దాన్ని అక్కడే మనవిగా మార్చేయాలి: ఆ మనిషికి ఇది కావాలి, అందులో నేను చేయగలిగింది ఇది.

రెండో జబ్బు బేరం. ముందుగానే స్తోత్రం చెప్పేస్తే దేవుడు ఇవ్వక తప్పదు అనే లెక్క ఒకటి నడుస్తోంది. దానికి యోహాను 11లో, చనిపోయిన లాజరును యేసు లేపిన సమాధిని సాక్ష్యంగా చూపిస్తారు, రాయి తీశాక లాజరు ఇంకా బయటికి రాకముందే యేసు స్తుతి చెల్లించాడు కదా అని. ఏమని చెల్లించాడో చదవాలి. "తండ్రీ, నీవు నా మనవి వినినందున నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను." విన్నందుకు. తండ్రి తన మాట ఎప్పుడూ వింటాడన్న ఎరుక అది, మీట నొక్కడం కాదు. ముందుగా ఆయనకిచ్చి ప్రతిఫలం పొందగలవాడెవడని రోమా 11 అడుగుతుంది. "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" అని అడిగిన 116వ కీర్తన తనే ఇచ్చే జవాబు ఇంకా వింతగా ఉంటుంది: రక్షణ పాత్రను చేతపుచ్చుకుంటాను. చెల్లిస్తానని లేచినవాడు మళ్లీ చెయ్యి చాపి పుచ్చుకుంటున్నాడు!

మూడోది చిన్నది, వెంటనే కుదిరేది. ప్రార్థనలో వాక్యానికీ వాక్యానికీ మధ్య కామాలా "స్తోత్రం, స్తోత్రం" అని పడుతుంటుంది. ఒక వారం పాటు "ఎందుకంటే" అని చెప్పగలిగిన చోటే ఆ మాట వాడండి. మిగతా చోట్ల మౌనం ఉంచండి.

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర అందరూ ఎత్తే వచనం 1 థెస్సలొనీకయులకు 5:18: "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి." అందులో విభక్తి చూడండి. "విషయమునందును" అంటే ఆ పరిస్థితి లోపల ఉండగా అని. గ్రీకులోనూ అదే, ఎన్ పంతి. జరిగిన చెడు మంచిదని ఒప్పుకొమ్మని అందులో లేదు. ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉన్నది నిజమే. అయితే దానికి తొమ్మిది వచనాల ముందే చీకటి క్రియలను ఖండించమని కూడా ఉంది. ఖండించాల్సినదానికే స్తోత్రం చెప్పమని ఒకే పేజీలో ఎవరూ రాయరు.

అపొస్తలుల కార్యములు 27లో ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. తుఫానులో పద్నాలుగో రోజు, ఓడలో 276 మంది, ఎవరూ ఏమీ తినలేదు. పౌలు రొట్టె పట్టుకుని అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి తినడం మొదలుపెట్టాడు. తుఫానుకు కాదు, రొట్టెకు. తుఫాను అలాగే ఉంది, ఆ తర్వాత ఓడ పగిలిపోయింది కూడా.

నష్టంలో ఉన్న రోజుల్లో వరుస మారుతుంది. ముందు ఫిర్యాదు, తర్వాత మనవి, ఆ తర్వాత ఉంటే స్తుతి. 13వ కీర్తనకు ఆరు వచనాలే, మొదటి రెండింటిలో "ఎంతకాలం" అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. పాట చివర్లో గానీ రాదు. 88వ కీర్తనలో అసలు రానే రాదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా దేవునితో మాట్లాడటం మానలేదు కాబట్టే దానికి కీర్తనల్లో చోటుంది. అలాంటి రోజున నోట్‌బుక్‌లో మూడు రాయక్కర్లేదు. "ఈ రోజు ఏమీ కనబడలేదు. ఆ మాట నీతోనే చెబుతున్నాను" అని ఒక్క లైను చాలు. ఇంట్లో మనిషి పోయినవాళ్లతో "దేవునికి స్తోత్రం చెప్పండి" అనకండి. అదే లాజరు సమాధి దగ్గర యేసు కృతజ్ఞత చెప్పింది యోహాను 11లో 41వ వచనంలో. 35వ వచనంలో కన్నీళ్లు విడిచాడు.

ఇంతదాకా ఏకాంతంలో జరిగేది. లేవీయకాండం 7వ అధ్యాయం కృతజ్ఞతను ఇంట్లో దాచుకోనివ్వదు. ఆ అర్పణకు తేవాల్సినవి ఇవి: నూనె కలిపిన పొంగని పిండివంటలు, నూనె పూసిన పలచని అప్పడాలు, నూనెతో కలిపి కాల్చిన పిండివంటలు, వాటితో పాటు పులిసిన రొట్టె, బలిపశువు మాంసం. మొక్కుబడికో స్వేచ్ఛార్పణకో అయితే మాంసం మర్నాడు కూడా తినొచ్చు. కృతజ్ఞతార్పణకైతే అదే రోజు, మర్నాటికి మిగల్చకూడదు. కారణం అక్కడ రాయలేదు. లెక్క వేసుకుంటే నాకు తోచేది ఒకటే: ఒక పశువును ఒక కుటుంబం ఒక్కరోజులో తినలేదు. నలుగుర్నీ పిలవాలి. పిలిచాక ఎందుకు పిలిచారో చెప్పాలి.

మేలు మనిషి చేతి మీదుగా వచ్చినప్పుడు ఆ మనిషికి కూడా చెప్పాలి, వీలైతే ఆ రోజే. "దేవుడే చేశాడు, నువ్వు సాధనం మాత్రమే" అనడం భక్తిలా వినబడుతుంది గానీ నిద్ర మానుకున్నది ఆ మనిషి. "రెండు రాత్రులు కూర్చున్నావు, రెండోసారి నేను లేచినప్పుడు కూడా మెలకువగానే ఉన్నావు" అని చూసింది చూసినట్టు చెప్పండి. కృతజ్ఞత కానుక ఇచ్చేటప్పుడు ఎంతన్నది ఇంటి దగ్గరే, ఒంటరిగా నిర్ణయించుకుని వెళ్లాలి. నలుగురి ముందు నిర్ణయిస్తే ఆ మొత్తం చూసేవాళ్ల కోసం పెరుగుతుంది. హెబ్రీయులకు 13లో పెదవుల స్తుతియాగం చెప్పిన మరుసటి వచనమే ఉపకారం, ధర్మం చేయడం మరవొద్దంటుంది. ఆ కానుకలో కొంత అవసరంలో ఉన్నవాళ్ల చేతికి నేరుగా చేరితే ఆ రెండు వచనాలూ కలుస్తాయి.

సాక్ష్యం చెప్పాల్సి వస్తే 107వ కీర్తన దారి చూపిస్తుంది. ఎడారిలో తప్పిపోయినవాళ్లు, బందీలు, రోగులు, సముద్ర ప్రయాణికులు, నాలుగు గుంపులు. నాలుగింటికీ ఒకటే వరుస: కష్టం, మొర, విడుదల, కృతజ్ఞత. మూడు నాలుగు నిమిషాలకు మించకుండా ఆ వరుసలో రాసుకుని వెళ్లండి. సాధారణంగా కష్టమే మూడొంతులు తినేస్తుంది, విడుదల ఒక్క వాక్యంలో ముగుస్తుంది. ఆ పాళ్లు తిరగేయాలి. కష్టానికి ఒక నిమిషం, మిగతాది దేవుడు చేసినదానికి. ఇంకొకరి జబ్బు, అప్పు, ఇంటి గొడవ చెప్పాల్సి వస్తే ముందు వాళ్లను అడగండి, వద్దంటే ఆ భాగం తీసేయండి. డాక్టరు చేసింది డాక్టరు చేసినట్టే చెప్పండి, తెలియనిది అద్భుతంగా పెంచకండి. ఇంకా తీరని సమస్య ఉంటే తీరలేదనే చెప్పండి. జరిగింది చెప్పడం అయిపోయాక "కాబట్టి మీరు కూడా" అని మొదలుపెట్టకుండా కూర్చోండి.